పిల్లవాడు నడుము నొప్పి అంటే

నాయనా,

వేసవికి అనంతపురంలో పిల్లలకు ఫాస్ట్ బౌలింగ్ క్యాంపు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో కొంత, దిగులుతో కొంత, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నెల రోజుల్లో అందరినీ బౌలర్లను చేస్తానని పోస్టరు వేశావంట. ఏం మాటరా అది? ముందు దాన్ని తీసేయించు.

నీళ్లు, నీడ, మంచి షూస్ సంగతి నీకు తెలుసు. నా టెన్షనంతా పిల్లల నడుముల గురించే.

కడపలో నేను డ్రిల్లు మాస్టరుగా ఉన్నప్పుడు పద్నాలుగేళ్ల కుడిచేతి బౌలరు ఒకడుండేవాడు. బంతి వేసి వెనక్కి నడుస్తూ, ఎడమ బొటనవేలితో నడుము కింద ఒకే చోట నొక్కుకునేవాడు. చూశాను. చూసి కూడా, ‘సంగటి తినే ఒళ్లు, నొప్పేందిరా?’ అని ఇంకో రెండు ఓవర్లు వేయించాను. ‘వెనక్కి వంగితే పొడుస్తాంది సార్’ అన్నాడు. ఎగ్గొట్టడానికే అనుకున్నాను. రెండు నెలలకు పరుగు మధ్యలో కూలబడ్డాడు. డాక్టరు వాణ్ని ఎడమకాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. స్కాన్‌లో తేలింది, నడుము చివరి పూసలో ఎడమపక్క సన్నని పగులు. దెబ్బ తగిలి వచ్చింది కాదు. ఎదిగే ఎముక మీద అదే వంపు, అదే మెలి వేలసార్లు పడితే వచ్చింది. నెలల తరబడి వాడు బౌండరీ దగ్గర కూర్చుని మిగతావాళ్లకు బంతులు అందించాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ఎవరు ఎన్ని బంతులు వేశారో నోట్‌బుక్కులో రాయి. స్కూల్లో, వీధిలో వేసినవీ అడిగి కలుపు. కొన్ని నొప్పులు కండరాలవే, కొద్దిరోజులు ఆపితే పోతాయి. కానీ వెనక్కి వంగితే నొప్పి అన్నవాణ్ని ఆ రోజే ఆపి, ఎముకల డాక్టరుకు చూపించు. రుద్దించడం, నరం పట్టించడం వద్దు.

రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది ఆట వల్ల అనుకోవద్దు. వెన్నుపూసకు టీబీ పట్టొచ్చు, అరుదుగా గడ్డలూ ఉంటాయి. కాళ్లలో బలం తగ్గినా, ఒంటికి పోవడం కష్టమైనా గంట కూడా ఆగొద్దు.

మొదటి రోజు నేనూ వస్తాను. పెద్దమ్మ నీకు జొన్నరొట్టెలు కట్టిస్తానంది. బౌండరీ దగ్గర ఒక కుర్చీ వేయించు. పిల్లలు బంతి వేసి వెనక్కి ఎలా నడుస్తున్నారో చూస్తాను.

మీ పెదనాయన