ఐరిష్ డాన్స్ కంపెనీతో ఏడాది టూర్: అమ్మాయిని పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: అమ్మాయి డబ్లిన్‌లోనే పుట్టి పెరిగింది, చిన్నప్పుడు కొన్నేళ్లు కూచిపూడి, తర్వాత అంతా ఐరిష్ డాన్సే. ఇప్పుడు 19 ఏళ్లు. ఒక టూరింగ్ షో నుంచి పిలుపొచ్చింది, ముందు జర్మనీ, ఆ తర్వాత అమెరికా. చదువు ఒక ఏడాది ఆపి పంపొచ్చా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది అని. నేను డాన్సర్‌ని కాదండీ, అలాంటి ఒక కంపెనీలో సౌండ్ చూసేవాణ్ణి. ఎక్కిన బస్సూ, దిగిన హోటలూ డాన్సర్లవే కాబట్టి చూసింది చెప్తాను. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు.

పంపొచ్చనే నా మాట. కానీ ఏ పనికి వెళ్తోందో తనకీ మీకూ ముందే తెలియాలి.

ఫెష్‌లలో, అంటే ఐరిష్ డాన్స్ పోటీల్లో, ఇన్నేళ్లూ ఆమె నేర్చుకున్నది ఒక్కటే, పక్కన ఆడుతున్న వాళ్ల మీద నుంచి జడ్జి చూపు తన మీదకి లాక్కోవడం. ఆ ఉంగరాల విగ్గు, రాళ్లు పొదిగిన డ్రస్సు, సాక్స్ జారకుండా పూసుకునే జిగురు అన్నీ అందుకేగా! షోలో దానికి పూర్తిగా తలకిందులు. వరసలో అందరి కాలూ ఒకే ఎత్తుకి లేవాలి, అందరి తలా ఒకే గీత మీద ఉండాలి. మీ అమ్మాయి కాలు నాలుగు వేళ్లు ఎక్కువ లేచిందంటే మర్నాడు డాన్స్ కెప్టెన్ (తప్పులు చూసి దిద్దేవాళ్లు) నోట్స్‌లో తన పేరుంటుంది. వరల్డ్స్‌లో, అంటే ప్రపంచ పోటీల్లో, పైన నిలిచిన పిల్లలు మొదటి వారాల్లో నలిగిపోయేది ఒళ్లునొప్పులకి కాదు, దీనికి. పైగా కొత్తవాళ్లని స్వింగ్‌గా, అంటే ఎవరైనా ఆడలేకపోతే బదులు ఆడేందుకు, తీసుకుంటే ఇంకో తలనొప్పి. ఐదారుగురి స్థానాలు నేర్చుకుని కూర్చోవాలి, ఎవరికైనా మడమ బెణికితే సాయంత్రం ఐదింటికి చెప్తారు, ఏడున్నరకి ఆడాలి. ట్రూప్‌లో స్థానమా, స్వింగా అన్నది కాంట్రాక్టు చూడగానే అడగండి.

ఐరిష్ డాన్స్ షోలలో పేరున్న రివర్‌డాన్స్ 1994 ఏప్రిల్ 30న డబ్లిన్ పాయింట్ థియేటర్లో యూరోవిజన్ పాటల పోటీ మధ్యలో ఏడు నిమిషాల అంశంగా వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో పూర్తి షో అయింది. ఆ పేరు చూసి అన్ని కంపెనీలూ అలాగే ఉంటాయనుకోకండి. పెద్ద కంపెనీలవాళ్లు తమ సొంత చెక్క ఫ్లోర్‌ని లారీల్లో మోసుకెళ్తారు, ఫిజియోథెరపిస్టుని వెంట తిప్పుతారు. చిన్న కంపెనీలవాళ్లు ఆ హాల్లో ఏ నేల ఉంటే దాని మీదే ఆడిస్తారు. ఐరిష్ డాన్సులో ఎగిరి దిగేటప్పుడు మోకాలు పెద్దగా వంచరు కదా, ఆ దెబ్బంతా పాదానికీ పిక్కకీ పోతుంది. కింద కాంక్రీటు ఉంటే పాదం ఎముకల్లో సన్నటి పగుళ్లు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఫ్లోర్ ఎవరిది, ఫిజియో ఉన్నారా అని అడగడానికి మొహమాటపడకండి. జీతం కన్నా ముఖ్యం అది.

నేల జారితే ఏం చేస్తారో చెప్తే నవ్వుతారు. కోకాకోలా నీళ్లలో కలిపి తుడుస్తారు. స్టేజీ మేనేజరు బకెట్లో సీసా వంపి మాపు ముంచి ఈ చివర నుంచి ఆ చివరకి లాగుతుంటే పిల్లలు స్టేజీ పక్క తెరల చాటున నిలబడి చూస్తుంటారు. కాస్త ఆరగానే ఇద్దరు హార్డ్ షూలతో (చప్పుడు చేసే గట్టి బూట్లతో) వచ్చి మునివేళ్ల మీద గిర్రున తిరిగి చూస్తారు. ఎక్కువైతే బూటు నేలకి అతుక్కుని చర్రుమంటుంది, అది నా హెడ్‌ఫోన్లలో మరీ ఘోరంగా వినిపించేది. మళ్లీ మంచినీళ్లతో తుడవాలి.

నా పని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఆమె పనికి ముడిపడి ఉంది. స్టేజీ ముందంచున నేలకి ఆనించి మైకులుంటాయి. అంతమంది ఒకేసారి కొడితే అడుగుల శబ్దం ముద్దగా వస్తుంది, దాంట్లో బ్యాండు మోత కూడా కలుస్తుంది. అందుకని చాలా షోలలో గుంపు నృత్యాలకి ముందే రికార్డు చేసిన అడుగుల చప్పుడు కలుపుతారు. దీన్ని మోసమని తిట్టేవాళ్లున్నారు, నాకలా అనిపించదు. కానీ కూచిపూడి చేసిన పిల్లకి ఇక్కడ చిన్న చిక్కుంది. పక్కన కూర్చుని తాళం వేసే నట్టువనార్ అమ్మాయి అలసట చూసి కాలం కాస్త సర్దుతారు, ట్రాక్ సర్దదు. జ్వరమొచ్చినా, ముందు రాత్రంతా బస్సులో కూర్చున్నా అదే వేగం. వారానికి ఎనిమిది షోలు మామూలు. మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే చుట్టుపక్కల ఇంకా ఊపిరాడదు, ఈ షోలకి అదే సీజను.

షో అయ్యాక కారిడార్లో బకెట్ల నిండా ఐసు పోసి కాళ్లు ముంచుకుని, ఫోన్లు చూసుకుంటూ వరసగా కూర్చుంటారు. తర్వాత బస్సు. తిండి దగ్గర జర్మనీలో జాగ్రత్త. రాత్రి పదకొండు దాటాక చిన్న ఊళ్లలో కబాబ్ కొట్టో, పెట్రోలు బంకో తప్ప ఏమీ ఉండవు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. శనివారమేమో రెండు షోలు, కొనుక్కునే టైమే దొరకదు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొట్లు ఆదివారం కూడా తెరిచి ఉంటాయి, మా ప్రాణాలు అవే నిలబెట్టాయి. శాకాహారమైతే శుక్రవారమే సరుకు కొని పెట్టుకోమనండి.

పాస్‌పోర్ట్ ఐరిష్‌దైతే సగం బాధ లేదు. నాది ఇండియన్. ఐర్లండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు కాబట్టి డబ్లిన్ నివాస కార్డు చూపిస్తే జర్మనీలోకి రానివ్వరు, విడిగా వీసా కావాలి. లండన్‌కీ అంతే. మిగతావాళ్లంతా ముందే వెళ్లిపోతే నేను వీసా స్టాంపు కోసం కాచుక్కూర్చున్న రోజులున్నాయి. అమెరికాకి మాత్రం ఐరిష్ పాస్‌పోర్ట్ వాళ్లకైనా పని వీసా ఉండాల్సిందే, కంపెనీయే పిటిషన్ వేయాలి. "టూరిస్టులా ఎస్టా (వీసా లేకుండా వెళ్లే ఆన్‌లైన్ అనుమతి) మీద వచ్చేయ్" అని ఎవరైనా అంటే ఆ కంపెనీకి అక్కడికక్కడే దండం పెట్టేయండి. యూరప్‌లో వైద్యానికి ఐర్లండ్ ఇచ్చే యూరోపియన్ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు కొంతవరకు ఆదుకుంటుంది, అమెరికాలో ఆదుకోదు. ఇన్సూరెన్స్ ఎవరు కడతారో, షో లేని వారాలకి జీతం ఉందో లేదో కాగితం మీద చూడండి.

మీరు రాయకపోయినా మీ మనసులో ఉండే ప్రశ్న ఇంకోటుంది. గదికి ఇద్దరు చొప్పున ఉంటారు. షో తర్వాత తాగుడు ఉంటుంది, లేదని చెప్పను. బలవంతపెట్టడం నేను చూడలేదు. అయితే తాగని పిల్ల గదికి వెళ్లిపోతే నెల తిరిగేసరికి ఒంటరైపోతుంది, నిమ్మరసం తాగుతూనైనా వాళ్లతో కూర్చోమనండి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉంటారు. ఐర్లండ్‌లో పుట్టకుండా ఈ నాట్యం నేర్చుకున్నవాళ్ల మధ్య మీ అమ్మాయి రంగు గురించి, పేరు గురించి మాకు తెలిసి ఎవరూ పట్టించుకోరు. చదువు సంగతి కాలేజీలో ముందే మాట్లాడి, ఏడాది విరామం రాతపూర్వకంగా తీసుకోండి.

సంతకం పెట్టేముందు మీ ఇద్దరూ ఆ కంపెనీ షో ఒకటి చూసి రండి. డబ్లిన్‌లో కాదు, ఏదైనా చిన్న ఊళ్లో, వారం మధ్యలో. టికెట్ బాల్కనీలో తీసుకోండి. ముందు వరసల్లో కూర్చుంటే స్టేజీ అంచు అడ్డొచ్చి పాదాలు కనబడవు.