భావాల పేర్లకు అన్ని భాషల్లో ఒకే అర్థం ఉంటుందా?

ఉండదు. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం 2,474 భాషల్ని పరిశీలించింది. రెండు భావాలకు ఒకే మాట వాడుతుంటే ఆ భాషవాళ్లకు అవి దగ్గరివన్నమాట. పర్షియన్‌లో 'అందూహ్' దుఃఖమూ, పశ్చాత్తాపమూ. కాకసస్ ప్రాంతపు దార్గ్వాలోనేమో దుఃఖం ఆందోళనతో జతకట్టింది.

మన బెంగే చూడండి. గుంటూరులో అమ్మమ్మ ఊరెళ్లిపోయిందంటే పిల్లాడు అన్నం ముట్టడు, ఒళ్లు వెచ్చబడుతుంది. "బెంగ పెట్టుకున్నాడు" అంటారు ఇంట్లో. ఎడబాటు, దిగులు, ఒంటి నలత అన్నీ అందులోనే. అలక నాకు ఇంకా ఇష్టం: బతిమాలే మనిషి ఉంటేనే అది అలక, లేకపోతే వట్టి కోపం. కొత్తల్లుడికి అలకపాన్పు వేసేది అందుకేగా!

అలాగని అంతా వేరు కాదు. హాయా బాధా, ఉద్రేకమా నెమ్మదా అన్న తేడాలు మాత్రం భాషా కుటుంబాలన్నిటా కనిపించాయి.