చందమామ రంగులు నిజమే, మరి ఆ గుంతలో?

పున్నమి వెళ్లిన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న వస్తోంది. ఈసారి విజయనగరం నుంచి ఒక పాఠకుడు రాశారు: ‘నీలం, నారింజ రంగుల చంద్రుడి ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. అది నిజమైనదేనా? మా ఫోన్‌తో జూమ్ చేసి తీస్తే రంగులు రాలేదు కానీ, గుంతలు స్పష్టంగా వచ్చాయి. రంగులు కావాలంటే వేసుకోమని ఒకరు ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్) పంపారు. వేసుకోవచ్చా?’

ఆయన అనుమానించిన రంగుల్లో నిజం ఉండే అవకాశమే ఎక్కువ. ఆయన నమ్మిన గుంతలనే నేను అనుమానిస్తాను.

చంద్రుడి నేల మన కంటికి బూడిద రంగులో కనిపించినా, అందులో చోటును బట్టి అతి స్వల్పమైన రంగు తేడాలు ఉన్నాయి. ఫొటోలో రంగుల గాఢతను, అంటే శాచురేషన్‌ను, కొద్దికొద్దిగా, పలు విడతలుగా పెంచుకుంటూ పోతే ఆ తేడాలే పైకి తేలతాయి. చంద్రుడిపై అపోలో 11 దిగిన ‘ప్రశాంత సాగరం’ అనే మైదానం నీలంగా తేలడానికి కారణం అక్కడి బసాల్ట్ (గడ్డకట్టిన లావా) శిలల్లో టైటానియం ఎక్కువగా ఉండటమే. 1969లో అక్కడి నుంచి తెచ్చిన రాళ్లలో టైటానియం ఉండే ఇల్మనైట్ సమృద్ధిగా దొరికింది; మన భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఉన్న ఖనిజమూ అదే. పక్కనే ఉన్న సెరెనిటాటిస్ మైదానంలో టైటానియం తక్కువ కాబట్టి అది గోధుమ, నారింజ ఛాయల వైపు మొగ్గుతుంది. మంచి ఫొటోలో ఈ రెండింటి సరిహద్దును వేలితో చూపించవచ్చు. నీలంగా కనిపించే చోట నిలబడితే నేల నీలంగా ఉంటుందని కాదు, పక్క నేలతో పోలిస్తే ఆ ఛాయ కాస్త ఎక్కువని మాత్రమే అర్థం. 1994లో క్లెమెంటైన్ నౌక, 2009 నుంచి లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ (ఎల్ఆర్ఓ) నౌక వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో తీసిన చిత్రాలను పోల్చి శాస్త్రవేత్తలు ఖనిజ పటాలు గీసింది ఇటువంటి తేడాల ఆధారంగానే.

ఇక గుంతల సంగతి. ఆకాశంలో చంద్రబింబం వెడల్పు అర డిగ్రీయే. జూమ్ లేకుండా ఫోన్‌తో తీసే మామూలు 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో దాని వెడల్పు సుమారు 30 పిక్సెళ్లే. ఒక చంద్రుడి ఫొటోను కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెరపై పెట్టి, గదిలో దీపాలు ఆర్పి, అవతలి గోడ దగ్గర నుంచి ఫోన్‌తో జూమ్ చేసి తీసి చూడండి. తెరమీద లేని గీతలు, గుంతలు మీ ఫొటోలో కనబడితే వాటిని చేర్చింది ఫోన్‌లోని సాఫ్ట్‌వేరే. ఖగోళ ఛాయాగ్రాహకులు వీడియోలోని వందలాది ఫ్రేముల్లో నిలకడగా ఉన్నవాటిని ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి పదును పెడతారు. అక్కడ ఉన్నదే బయటపడుతుంది, ఇక్కడ లేనిది వచ్చి చేరుతుంది. ఆ మాట ఫొటో మీద ఒక ముక్కలోనైనా చెప్పకుండా, ఆపుకునే మీటను సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాచిపెట్టడం నిర్లక్ష్యపు డిజైన్ అని నా గట్టి అభిప్రాయం. చందమామను చూడటం నేర్చుకుంటున్న పిల్లవాడు దాన్నే సాక్ష్యమనుకుంటాడు.

నన్ను అన్నిటికంటే భయపెడుతున్నది ఆ ఏపీకే ఫైలు. ఫొటోకు రంగులద్దే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లతో, కాంటాక్ట్స్‌తో, యాక్సెసిబిలిటీ అనుమతితో ఏం పని? ఆ మూడూ ఇచ్చిన ఫోన్‌లో వచ్చిన ఓటీపీని మీకంటే ముందు మరొకరు చదవగలరు, మీ తెరను మీ బదులు నొక్కగలరు. ఫొటోను ఊరూపేరూ లేని సైట్‌కు ఎక్కించినా, లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ డాబా ఎక్కడుందో ఆ ఫొటోతోపాటే వెళ్లిపోతుంది. ఇప్పటికే వేసుకున్నవారు వెంటనే ఇంటర్నెట్ ఆపి, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు రద్దు చేసి యాప్‌ను తీసేయండి. వేరే ఫోన్‌తో బ్యాంకుకు చెప్పి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

రంగులకు ఏ యాప్ అక్కర్లేదు. వీలున్న ఫోన్‌లో, కుదించని రా ఫైలుగా తీసి, ఉన్న ఎడిటర్‌లోనే శాచురేషన్ పెంచండి. వాట్సాప్‌లో నలిగిన జేపీజీతో మాత్రం మరకలే వస్తాయి. చంద్రుడి నేలను దగ్గరగా చూడాలనుంటే ఎల్ఆర్ఓ క్విక్‌మ్యాప్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. సుమారు పావు మీటరు వివరంతో చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా తీసిన చిత్రాలు ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, పేరు నమోదు చేసుకుంటే చాలు.