పంచాయతీలో పైసల్లేవు, బడి ముందు రోడ్డు దాటేదెలా?

ప్రశ్న: మా బడి రోడ్డుకు అవతల ఉంది. పొద్దున, సాయంత్రం పిల్లల్ని దాటించడానికి పంచాయతీ పెట్టిన మనిషిని జీతం ఇవ్వలేమని తీసేశారు. స్పీడ్ బ్రేకర్ అరిగి నేలమట్టమైంది, అడిగితే నిధులు లేవంటున్నారు. చందాలేసి మేమే సిమెంటుతో కట్ట పోద్దామని ఊరి పిల్లగాళ్లు అంటున్నారు. పోయమనాలా?
– ఒక తల్లి, నర్సంపేట మండలం

జవాబు: వద్దమ్మా. ఊళ్లలో సొంతంగా పోసే కట్ట సాధారణంగా అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉంటుంది. దాని మీద బైక్ ఎగిరిపడుతుంది, పత్తి ట్రాలీ వెనక భాగం పక్కకు గుంజుతుంది, రాత్రి పూట కనిపించనే కనిపించదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే పన్నెండు అడుగుల మేర మెల్లగా లేచి మెల్లగా దిగాలి. బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా లెక్కగట్టిన కొలత అది. దానికి 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. బ్రేకర్ మీద రంగు వేసేది మే నెలలోనే, రోడ్డును ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాక. దుమ్ము మీద వేసిన రంగు జూన్‌లో బడి తెరిచే నాటికే పెచ్చులూడుతుంది.

అన్నిటికన్నా ముందు ఆ రోడ్డు ఎవరిదో చూడండి. కిలోమీటరు రాయి పైభాగం పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయరు, రంబుల్ స్ట్రిప్స్ (బండిని గడగడలాడించి హెచ్చరించే సన్నటి గీతల వరుస), బోర్డులు అడగాలి. రాష్ట్ర రహదారి ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖది. ఈ రెండింటి మీదా పని చేయించేది ఆ శాఖల ఇంజనీర్లే, ఖర్చు పంచాయతీది కాదు. పంచాయతీ నుంచి మీకు కావలసింది తీర్మానం ఒక్కటే. నిజానికి పంచాయతీల చేతిలో పైసలు లేవన్నది అబద్ధం కాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పాలకవర్గాలు లేక కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. వచ్చిన వాటిలోనూ 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. అయినా మీ పని ఆగాల్సిన అవసరం లేదు. తీర్మానం, దాటే పిల్లల సంఖ్య, నాలుగు ఫొటోలు జతచేసి సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షుడు ఆయనే. రసీదు తప్పక తీసుకోండి, నెలయ్యాక అడగడానికి అదే ఆధారం.

పని జరిగేదాకా మనుషులే కాపలా. వంతులవారీగా ఇద్దరు పెద్దలు, రోడ్డుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడాలి. నడిరోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి బండ్లు ఆపొద్దు. ఆపే అధికారం మీకు లేదు, లారీ ఆగుతుందన్న నమ్మకమూ లేదు. పిల్లల్ని అంచుకు రెండడుగులు వెనక నిలిపి, పది మంది జమయ్యాక, రెండు దిక్కులా ఖాళీ చూసి ఒకేసారి దాటించండి. ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి చిన్నపిల్లకు దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆలోపు 117 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి దాటే చోటు నుంచి రెండు వైపులా 160 అంగలు వేసి చూడండి, అంత దూరం కనిపించాలి. మలుపో, తుమ్మ చెట్టో, ఆగిన ఆటోనో అడ్డుంటే దాటే చోటునే మార్చండి.

ప్రశ్న: మా తండా నుంచి బడి నాలుగు కిలోమీటర్లు. ఆటో కిరాయి భరించలేక పిల్లలు నడిచే పోతున్నారు. ఏదైనా సాయం ఉందా?
– ఒక తండ్రి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: ఉంది. మీ ఆవాసానికి ప్రాథమిక తరగతుల పిల్లలకైతే కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికైతే మూడు కిలోమీటర్ల లోపు బడి లేకుంటే బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం అడగవచ్చు. పరిమితి పిల్లకు ఏడాదికి 6,000 రూపాయలు. హెడ్‌మాస్టరు పంపే జాబితాలో మీ పిల్లల పేరుందో లేదో జూన్‌లోనే అడగండి. వాడకం లేక నిలిచిపోయిన బ్యాంకు ఖాతా ఇస్తే పైసలు పడవు. ఆడపిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు బస్సులో ప్రయాణం ఉచితం. బడి టైముకు బస్సే లేకపోతే పిల్లల సంఖ్య, బడి వేళలు రాసి ఆర్టీసీ డిపో మేనేజరుకు దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: వడ్ల సీజన్‌లో సగం రోడ్డు మీద ధాన్యమే. సైకిళ్ల మీద పోయే పిల్లల సంగతేంటి?
– హుజూరాబాద్ పాఠకుడు

జవాబు: వడ్ల కన్నా వాటి చుట్టూ పెట్టే బండరాళ్లతోనే ప్రమాదం. వడ్లు ఎత్తినా రాళ్లు అక్కడే ఉంటాయి. సైకిల్ వాటిని తప్పించబోయి నడిరోడ్డుకు వస్తుంది, వెనక లారీ ఉంటుంది. రాళ్ల బదులు ఇసుక నింపిన డబ్బాలకు రేడియం టేపు చుట్టి పెట్టమనండి, ఏ పూటకాపూట తీయమనండి. బడికి పోయే పిల్లల వైపు అంచును రెండు పూటలా ఖాళీగా ఉంచేలా రైతులతో ఆరబోయకముందే మాట్లాడుకోండి. ఒకసారి వడ్లు పోశాక ఎవరూ జరపరు.