మినియాపొలిస్ వెళ్తున్న మా అక్క కొడుక్కి

ఒరేయ్ చిన్నా,

జనవరిలో మినియాపొలిస్ వెళ్తున్నావని, అదీ నెట్‌వర్క్ ఇంజనీరుగా అని అక్క ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. సంతోషమేరా, మనింట్లో నా తర్వాత ఈ పని పట్టింది నువ్వే. కానీ నెల్లూరులో చలికాలమంటే ఒక దుప్పటి. అక్కడ మైనస్ 20 దాకా కూడా పడిపోతుంది.

పాస్‌పోర్టు, కాగితాలు, ఆవకాయ అక్క చూసుకుంటుంది. నేను చెప్పేది బట్టల గురించీ, నెట్‌వర్క్‌లో డేటాని ముక్కలుగా మోసే ప్యాకెట్ల గురించీ. నాకైతే రెండూ ఒకటే.

ఒంటికి అంటుకుని థర్మల్, దాని మీద స్వెటర్, పైన జాకెట్. లోపల కాటన్ బనీను వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోయి ఇంకా చలేస్తుంది. డేటాకీ ఇలాగే మూడు పొరలు: అన్నీ సరిగ్గా చేరాయో లేదో చూసే టీసీపీ హెడర్ థర్మల్, ఏ చిరునామాకి వెళ్లాలో చెప్పే ఐపీ హెడర్ స్వెటర్, పక్క మజిలీ దాకా మోసే ఈథర్నెట్ ఫ్రేమ్ జాకెట్. అక్కడ ఏ బిల్డింగులోకి వెళ్లినా జాకెట్ తీసి తగిలిస్తారు చూడు, ప్యాకెట్ కూడా దారి చూపే ప్రతి రూటర్ దగ్గరా పాత జాకెట్ విప్పేసి కొత్తది తొడుక్కుని బయల్దేరుతుంది. స్వెటర్ అదే, కాకపోతే ఆగిన ప్రతిచోటా ఒక గుండీ ఊడినట్టు, ఇంకెన్ని మజిలీలు దాటొచ్చో చెప్పే టీటీఎల్ అంకె ఒకటి తగ్గుతుంది. థర్మల్ మాత్రం ఇల్లు చేరాకే విప్పేది. ఇంటర్వ్యూలో ఈ పొరల లెక్క, ఓఎస్‌ఐ ఏడు లేయర్లూ గడగడా అప్పజెప్పావట, అక్క ఎంత మురిసిపోయిందో.

ఇప్పుడు ఇది శ్రద్ధగా చదువు. నా మొదటి చలికాలంలో ఒక బ్రాంచి ఆఫీసుకి వీపీఎన్ టన్నెల్, అంటే ఇంటర్నెట్‌లోంచి ఒక ప్రైవేటు దారి, వేశాను. పింగ్ ("ఉన్నావా" అని అడిగే చిన్న ప్యాకెట్) వెళ్తోంది, లాగిన్ పేజీ వస్తోంది, పెద్ద ఫైలు తెరిస్తే మాత్రం గడ్డకట్టినట్టు ఆగిపోతోంది. సర్వర్ వాళ్లదే తప్పని రాత్రంతా వాదించాను. వాళ్లలో ఒకతను పసిబిడ్డని ఇంట్లో వదిలి ఆ మంచులో ఆఫీసుకి వచ్చాడు, తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తప్పు నాది. ఈథర్నెట్ జాకెట్లో 1500 బైట్లకే చోటు, నిండుగా ఉన్న ప్యాకెట్‌కి టన్నెల్ ఇంకో స్వెటర్ తొడిగితే జిప్పు ఎలా పడుతుంది? అప్పుడు రూటర్ "చిన్నది పంపు" అని ఐసీఎంపీలో, అంటే నెట్‌వర్క్ తన కబుర్లు పంపుకునే పద్ధతిలో, వెనక్కి కబురు పెడుతుంది. సెక్యూరిటీ కోసమని పింగ్ తప్ప ఐసీఎంపీ అంతా కాపలా కాసే ఫైర్‌వాల్లో ఆపేసింది నేనే! కబురు అందక సర్వర్ అదే ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది. తెల్లవారుజామున, ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యొద్దనే గుర్తు (బిట్) పెట్టి పింగ్ సైజు పెంచుతూ పోయాను. 1300 బైట్లకి జవాబొచ్చింది, 1472కి రాలేదు. టన్నెల్ మీద ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400, ఎంఎస్‌ఎస్ (అందులో డేటా గరిష్ఠ సైజు) 1360 పెట్టగానే ఫైళ్లు గబగబా తెరుచుకున్నాయి.

అందుకే ఎవరినైనా నిద్ర లేపే ముందు కేబుల్ నుంచి పైకి ఒక్కో పొరా చూసుకో, చిన్న పింగ్ ఒక్కటీ చూసి నమ్మకు. మార్పు చేసే ముందు పాత సెట్టింగులు (కాన్ఫిగ్) సేవ్ చెయ్.

ఆ పొద్దున టెన్షన్లో టోపీ ఆఫీసులోనే మర్చిపోయి బస్‌స్టాప్‌కి నడిచాను. చెవులు ముందు మండాయి, తర్వాత తిమ్మిరెక్కాయి, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఆ తెలియకపోవడమే నా భయం నాన్నా. నీ చెవులు చిన్నప్పటి నుంచీ ఏసీ గాలికే నొప్పెట్టేవి.

ఎయిర్‌పోర్టు తలుపు దాటకముందే టోపీ చెవుల కిందికి లాక్కుని ఫోటో పంపు. ఎన్నింటికైనా సరే, మెలకువగానే ఉంటాను.

మీ పిన్ని