క్రిస్మస్ కరపత్రం: దానమా, కానుకా?

సందేహం: మా చర్చిలో క్రిస్మస్ ఆరాధన కోసం కరపత్రం అచ్చు వేయిస్తున్నాం. ఇంగ్లీషు ప్రసంగం నుంచి అనువదించిన శీర్షిక ఇది: ‘త్యాగపూరిత ఇవ్వడం – క్రైస్తవ ఉద్దేశ్యం’. చదువుతుంటే ఎక్కడో అతకలేదనిపిస్తోంది. ‘ఇవ్వడం’ బదులు ‘దానం’ పెట్టమని ఒకరు, ‘బలిదానం’ అయితే ఇంకా గట్టిగా ఉంటుందని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందుగా ‘బలిదానం’ పక్కన పెట్టండి. ఆ మాటకు ఈనాడు ప్రాణాలు ఇచ్చెయ్యడమనే అర్థం. కానుకపెట్టె దగ్గరికి వచ్చినవాళ్లు కరపత్రం చూసి జడుసుకుంటారు. ‘త్యాగపూరిత ఇవ్వడం’ అనేది సంస్కృత విశేషణాన్ని తెచ్చి తెలుగు మాట నెత్తిన కూర్చోబెట్టడం. అతకలేదని మీ చెవి చెప్పింది నిజమే.

‘దానం’ మంచి మాటే కానీ ఇక్కడ దాని దిక్కు వేరు. దానం పైనుంచి కిందికి వెళుతుంది. ఇచ్చేవాడి చేయి పైన, పుచ్చుకునేవాడి చేయి కింద. పోతన భాగవతంలో బలి చక్రవర్తి పొంగిపోయింది ఇందుకే: అడిగేవాడు సాక్షాత్తూ విష్ణువు, ఆయన చేయి కింద, తన చేయి పైన! అది వింత కాబట్టే పద్యమైంది. పేదలకు దుప్పట్లు పంచితే దానం అనండి. దేవుడికి దానం చేశామని మాత్రం మనలో ఎవరూ అనరు.

దేవుడికి ఇచ్చేది కానుక. ఈ మాట పుట్టుక చూడండి. ‘కను, కాను’ అంటే చూడటం. అందులోంచి వచ్చిందే కానుక. కన్నడంలో కాణికె, తమిళంలో కాణిక్కై, అన్నీ ఒక్క ఇంటి పిల్లలే. చిత్తూరు ప్రాంతం వాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. రాజును గానీ గురువును గానీ దేవుడిని గానీ చూడటానికి ఒట్టి చేతులతో వెళ్లకూడదని మన మర్యాద. చూడబోయేటప్పుడు పట్టుకువెళ్లేదే కానుక. ఇప్పుడు మత్తయి సువార్త రెండో అధ్యాయం తెరవండి. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చారు, శిశువును చూశారు, సాగిలపడ్డారు, పెట్టెలు విప్పి బంగారం, సాంబ్రాణి, బోళం ‘కానుకలుగా’ సమర్పించారు. చూడటానికి వచ్చినవాళ్లు ఇచ్చినదానికి ఇంతకంటే సరిపోయే మాట మరొకటి లేదు. (జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. మూడు కానుకలను బట్టి లోకం ముగ్గురిని చేసుకుంది.) ఈ మధ్య ప్రభుత్వాలు కూడా ‘క్రిస్మస్ కానుక’, ‘విద్యా కానుక’ అని పథకాలకు పేర్లు పెట్టాయి. పైనుంచి కిందికి ఇచ్చేదాన్ని కానుక అనడం ఓటరును దేవుడిని చెయ్యడమే కాబోలు.

ఇక త్యాగం. పూర్వం ఈ మాటకు ఇవ్వడమనే అర్థం కూడా ఉండేది. త్యాగి అంటే దాత. కాబట్టి ‘త్యాగపూరిత దానం’ అంటే పాతకాలపు పండితుడు ‘ఇవ్వడంతో నిండిన ఇవ్వడమా?’ అని నవ్వేవాడు. మీ శీర్షికలోని త్యాగమూ ఉద్దేశమూ మీమాంసకులు, అంటే వేదంలోని యజ్ఞకర్మల గురించి విచారించిన పండితులు, యాగానికి చెప్పిన నిర్వచనంలో పక్కపక్కనే ఉన్నాయి: ‘దేవతోద్దేశేన ద్రవ్యత్యాగః’. ఒక దేవతను ఉద్దేశించి వస్తువును విడిచిపెట్టడం యాగం. విడిచేటప్పుడు యాగం చేసే యజమాని ‘న మమ’, ఇది నాది కాదు, అంటాడు. శరీరాలను ‘సజీవ యాగముగా’ సమర్పించుకోండని రోమా పత్రికలో రాసిన తెలుగు అనువాదకులు ఈ యాగాన్నే అరువు తెచ్చుకున్నారు.

ఆ నిర్వచనంలో ఉన్నది ఉద్దేశం, ఉద్దేశ్యం కాదు. మనసులోని సంకల్పం ఉద్దేశం. దేన్ని ఉద్దేశిస్తామో అది ఉద్దేశ్యం. ‘రాముడు మంచివాడు’ అన్నప్పుడు ఎవరి గురించి చెబుతున్నామో ఆ రాముడు ఉద్దేశ్యం, అతని గురించి చెప్పిన ‘మంచివాడు’ విధేయం. ఉద్దేశం అనాల్సిన చోట ఉద్దేశ్యం అని రాసే ఈ తప్పు పత్రికలు సైతం చేస్తున్నాయి.

మీ ప్రసంగంలో అసలు చెప్పదలచుకున్నది తనకు కొరత పడేలా ఇవ్వడం గురించి కదా. దానికి తెలుగులో మాటల కరువు లేదు. అక్కరకు రానివీ ఉన్నాయి. ‘చంద్రునికో నూలుపోగు’ అనకండి, నూలుపోగు ఇచ్చినవాడికి ఏమీ తరగదు. మార్కు సువార్తలోని పేద విధవరాలు వేసినవి రెండు కాసులే అయినా, ధనవంతులు సమృద్ధిలోనుంచి వేస్తే ఆమె లేమిలో తన జీవనమంతా వేసింది. తిరుపతిలో ఉంటున్నారు గనుక మీకు తెలిసే ఉంటుంది, ఒంటి మీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసే మొక్కును నిలువుదోపిడి అంటారు. విధవరాలు చేసింది అలాంటిదే. బైబిల్లోని దావీదు రాజు ఇంకో వైపు నుంచి అదే చెప్పాడు. అరౌనా అనే అతను తన కళ్లాన్నీ ఎడ్లనూ ఊరికే ఇస్తానంటే, వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవుడికి అర్పించనని యాభై తులాల వెండి చెల్లించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు కాకూడదని ఆయన పట్టుదల.

చిత్తూరులో మా పక్కింటి ఆవిడ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అవి చర్చికి వెళ్లేవి. బియ్యం తక్కువైన రోజు కూడా పిడికిలి చిన్నది చేసేది కాదు. ఆవిడ నోట త్యాగం అన్న మాట ఎన్నడూ వినలేదు. అలాంటి ఇవ్వడాన్ని మన ఇళ్లలో ‘నోరు కట్టుకుని ఇవ్వడం’ అంటాం.

కాబట్టి మీ శీర్షిక ఇలా మార్చుకోవచ్చు: ‘నోరు కట్టుకుని ఇచ్చిన కానుక’. మరీ ఇంటి మాటలా ఉందని పెద్దలు అంటే ‘లేమిలోనుంచి కానుక’ అనండి. కింద చిన్న అక్షరాలతో ‘క్రిస్మస్ పరమార్థం’ చాలు. కాదు, ‘క్రైస్తవ ఉద్దేశం’ అనే ఉంచాలంటారా, అచ్చుకు పంపే ముందు ఆ య వత్తు తీయించండి.