లెక్కల మాస్టారికే లెక్క రాకపోతే?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో చాలాకాలం లెక్కలు చెప్పాను. నాలుగేళ్ల క్రితం వెన్నెముకకి ఆపరేషన్ జరిగి కొన్ని నెలలు మంచం మీదే ఉన్నాను. ఈలోగా ఉద్యోగం పోయింది. లేచి తిరగగలుగుతున్నా మళ్లీ పనిలోకి వెళ్లలేదు. నా భార్య ఉద్యోగం చేస్తోంది. ఇంటి ఖర్చులు, బిల్లులు, బ్యాంకు పనులు అన్నీ తనే చూసుకుంటుంది. నాకు టీవీ, ఫోనే కాలక్షేపం. ఒకప్పుడు మూడంకెల గుణకారాలు నోటితో చెప్పేవాణ్ని, ఇప్పుడు మామూలు కూడికకి కూడా ఫోన్ తీస్తున్నాను. పేపర్లో ఒక వార్త చివరిదాకా చదవలేకపోతున్నాను. మొన్న మా అబ్బాయి ఒక లెక్క అడిగితే ఎంతసేపు చూసినా తట్టక, తలనొప్పిగా ఉందని లేచిపోయాను. వాడు మళ్లీ అడగలేదు. ఏ పనీ చెయ్యాలనిపించదు. మతిమరుపు జబ్బేమోనని భయం. బుర్రకి పదునని డబ్బు కట్టి పజిల్స్ యాప్ తీసుకున్నా తేడా లేదు. ఒక ఫ్రెండ్ వచ్చే నెల నుంచి తన ట్యూషన్ సెంటర్‌లో అన్ని క్లాసులకీ లెక్కలు చెప్పమంటున్నాడు. ఒప్పుకోమంటారా? నా బుర్ర మళ్లీ మునుపటిలా పనిచేస్తుందా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెబుతాను. చాలావరకు పనిచేస్తుంది. పాతికేళ్ల వయసులో ఉన్న వేగం 47కి కొంచెం తగ్గడం ఎవరికైనా మామూలే, దాని గురించి మీకు అబద్ధం చెప్పను. కానీ మీరు రాసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వయసు వల్ల వచ్చినవిలా లేవు. నాలుగేళ్లుగా మీ బుర్రని ఎవరూ ఏమీ అడగలేదు. మీ ఆవిడ అడగలేదు, ఉద్యోగం అడగలేదు, టీవీ అసలే అడగదు. అడిగిన ఒక్కడూ మీ అబ్బాయి. వాడి దగ్గరనుంచి మీరు లేచి వెళ్లిపోయారు.

మతిమరుపు జబ్బు సంగతి. మీ ఉత్తరం పూర్తిగా చదివాను. ఏది ఎప్పుడు జరిగిందో వరసగా రాశారు, ఒక్క చోట కూడా మాట తప్పిపోలేదు. ఆ జబ్బులో సాధారణంగా మనిషి కన్నా ముందు చుట్టూ ఉన్నవాళ్లు కంగారు పడతారు. మీ ఇంట్లో ఇప్పటికి కంగారు పడుతున్నది మీరొక్కరే. అలాగని ఉత్తరం చూసి నేను రోగం లేదని తేల్చేయలేను, డాక్టర్ని కలవాల్సిందే. కలవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి.

థైరాయిడ్ తక్కువైనా, విటమిన్ బి12 తగ్గినా, రక్తం తక్కువగా ఉన్నా బుర్ర మందగిస్తుంది. ఇవన్నీ మామూలు రక్త పరీక్షల్లో తెలిసిపోతాయి, వైద్యం కూడా ఉంది. మీరు ఏ మందులు వాడుతున్నారో రాయలేదు. వెన్ను ఆపరేషన్ తర్వాత నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి కొందరిలో మత్తుగా, మసకగా ఉంచుతాయి. నిద్రమాత్రలూ, మత్తు తెప్పించే రకం అలర్జీ మాత్రలూ అంతే. గ్యాస్‌కి వాడే ఒమెప్రజోల్ రకం మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరికి బి12 తగ్గుతుంది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌తో కూడా. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపించండి. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, కొన్ని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా అని మీ ఆవిణ్ని అడిగి అది కూడా చెప్పండి. రాత్రంతా సరైన నిద్ర లేని మనిషికి పగలు లెక్క తట్టకపోవడంలో వింత లేదు.

ఇంకొకటి. 'ఏ పనీ చెయ్యాలనిపించదు' అని మధ్యలో ఒక ముక్క రాసి దాటిపోయారు. నేను దాటిపోలేను. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటిందంటే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి. డిప్రెషన్ అంటే ఏడుపు మాత్రమే అనుకుంటారు చాలామంది. అది ఇలా కూడా కనిపిస్తుంది: ధ్యాస నిలవదు, చిన్న నిర్ణయానికి కూడా బద్ధకం, చదివింది బుర్రకెక్కదు. అది తగ్గితే వీటిలో చాలామటుకు వాటంతట అవే సర్దుకుంటాయి. పని పోయిన మనిషికి, నెలల తరబడి నొప్పి పడ్డ మనిషికి అది రావడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు.

ఇవి చూపించుకుంటూనే, ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పనులు ఉన్నాయి.

పజిల్స్ యాప్ వల్ల తేడా లేదన్నారు. ఉండకపోవడమే సహజం. 2010లో 11,430 మంది చేత ఆరు వారాలు కంప్యూటర్ మీద ఇలాంటి ఆటలు ఆడించి చూశారు. ఆడిన ఆటల్లో అందరూ మెరుగయ్యారు, మిగతా ఆలోచనా సామర్థ్యానికి దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. రంగు గోళీలు జతచేయడం అలవాటైతే రంగు గోళీలు జతచేయడం వస్తుంది. మీకు కావల్సింది లెక్కలు కాబట్టి లెక్కలే చెయ్యాలి. డబ్బు కట్టిన గడువు ఉంటే ఆడుకోండి, సరదాకి.

మీరు సులువుగా చెప్పగలిగిన తరగతి ఏదో గుర్తు తెచ్చుకుని దానికన్నా రెండు తరగతులు కింద మొదలుపెట్టండి. నామోషీ అనిపిస్తుంది, తెలుసు. మంచం దిగిన కొత్తలో ఫిజియోథెరపీలో మిమ్మల్ని మొదటి రోజే మెట్లెక్కించలేదు కదా, ఇదీ అంతే. పెన్ను, కాగితం, ఇరవై నిమిషాలు. ఫోన్ వేరే గదిలో. ఒక లెక్క పుస్తకంలో చూసి, పుస్తకం మూసేసి, మొదటి నుంచి మీరే చెయ్యండి. మధ్యలో ఆగిపోతే వెంటనే తెరవకండి, రెండు మూడు నిమిషాలు తంటాలు పడండి. ఆ తంటాలోనే అసలు పని జరుగుతుంది. 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగంలో కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. గుర్తు తెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ మిగిలింది. టీచర్‌గా ఇది మీరు పిల్లల్లో చూసే ఉంటారు. చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో తెలుస్తుంది.

పేపర్ కూడా అలాగే. మొత్తం చదవాలని కూర్చోకండి. ఒక్క వార్త తీసుకుని, చదివి, పక్కన పెట్టి, అందులో ఏముందో మీ ఆవిడకి మూడు వాక్యాల్లో చెప్పండి. వినే ఓపిక ఆవిడకి లేకపోతే కాగితం మీద రాయండి.

మీకు ధైర్యం ఇచ్చే విషయం ఒకటి. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని, జ్ఞాపకం, మరుపుల గురించి ఒక పుస్తకం రాశాడు. పూర్తిగా మరిచిపోయాం అనుకున్నదాన్ని మళ్లీ నేర్చుకుంటే మొదటిసారి పట్టినంత సమయం పట్టదని ఆయన కొలిచి చూపించాడు. ఆయన వాడినవి అర్థం లేని అక్షరాల గుంపులు. మీ తలలో ఉన్నది ఏళ్ల తరబడి రోజూ బోర్డు మీద రాసిన లెక్కలు. మొదటి పది రోజులు విసుగ్గా, అవమానంగా ఉంటాయి. ఆ తర్వాత పద్ధతులు ఒక్కొక్కటే కాదు, గుంపుగా గుర్తొస్తాయి. తేదీ, చేసిన లెక్కలు, పట్టిన సమయం ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి. పోయిన వారంతోనే పోల్చుకోవాలి. పాతికేళ్ల నాటి మీతో పోల్చుకుంటే నోట్‌బుక్ నాలుగు రోజుల్లో మూలన పడుతుంది.

చెయ్యాలనిపించినప్పుడు చేద్దామని మాత్రం ఆగకండి. మీ స్థితిలో అనిపించడం ముందు రాదు. పని మొదలుపెట్టిన కొన్నాళ్లకి వస్తుంది.

నడక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది గుండెకో బరువుకో మాత్రమే అనుకుంటారు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, అంతవరకు పెద్దగా కదలని 120 మంది పెద్దవయసు వాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడుసార్లు నడిచింది, మెల్లగా 40 నిమిషాల దాకా పెంచుకుంటూ. ఇంకో జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసింది. ఏడాది తర్వాత చూస్తే నడిచినవాళ్లలో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం దాదాపు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో కాస్త తగ్గింది. మీ వెన్ను ఎంత నడకకి ఒప్పుకుంటుందో ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి, అంతే నడవండి. ఎక్కువ చేసి మళ్లీ మంచం ఎక్కొద్దు.

ఇక ఇంటి సంగతి. మీ ఆవిడ అన్నీ తన మీద వేసుకున్నది ప్రేమతోనే. ఆపరేషన్ అయిన కొత్తలో అది అవసరం కూడా. ఆ ఏర్పాటు నాలుగేళ్లయినా మారలేదు, మార్చమని మీరూ అడగలేదు. ఇప్పుడు అడగండి. అన్నీ తీసుకోవద్దు, నెల ఖర్చుల లెక్క ఒక్కటి తీసుకోండి. చేత్తో కూడి, ఆ తర్వాత ఫోన్‌లో సరిచూసుకోండి. ఆవిడకి నా మాటగా ఇది చెప్పండి: రెండు నెలలు వెనకాల నిలబడి సరిచూడొద్దు, ఒక బిల్లు ఆలస్యమైనా మీ చేతిలోంచి లాక్కోవద్దు. జరిమానా కట్టాల్సి వస్తే అది మీరే కడతారు, మళ్లీ మరిచిపోరు.

మీ అబ్బాయి దగ్గరకి మీరే వెళ్లండి. 'ఆ రోజు తలనొప్పి కాదురా, లెక్క తట్టలేదు. ఆ లెక్క మళ్లీ ఇవ్వు, రెండు రోజుల్లో చేసి చూపిస్తా' అనండి. నాన్నకి రాలేదని తెలిస్తే చులకనైపోతానని మీ భయం. వాడికి ఇప్పటికే తెలుసండీ. పిల్లలు అంత అమాయకులు కారు. మళ్లీ అడగకపోవడానికి కారణం కూడా మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే అయి ఉండొచ్చు. రెండు రోజుల్లో లెక్క రాకపోతే ఇద్దరూ కలిసి కూర్చోండి.

ట్యూషన్ ఒప్పుకోండి, మీ ఫ్రెండ్ చెప్పినట్టు మాత్రం కాదు. వచ్చే నెల నుంచి అన్ని క్లాసులూ అంటే మొదటి వారంలోనే ఎక్కడో తడబడి, ఇంటికి వచ్చి, ఇక నా వల్ల కాదని తేల్చేసుకుంటారు. చిన్న తరగతి ఒకటి, వారానికి రెండు రోజులు, గంట చొప్పున అడగండి. నాలుగేళ్ల విరామం వచ్చిందని, మెల్లగా మొదలుపెడతానని దాచకుండా చెప్పండి. పై తరగతులు మూడు నెలల తర్వాత చూద్దామనండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే, పక్కింటి పిల్లలు ఇద్దరికి ఇంట్లో చెప్పుకున్నా మీ పని జరుగుతుంది. రేపు చెప్పాల్సిన పాఠం ఉందంటే ఇవాళ ఇరవై నిమిషాలు కూర్చోవడానికి వేరే సంకల్పం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. తెలిసిన దారిలో తప్పిపోవడం, రోజూ చేసే పనిలో తర్వాత ఏం చెయ్యాలో తోచకపోవడం, మామూలు మాటలు దొరకకపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని ఇంట్లోవాళ్లు అనడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా న్యూరాలజిస్ట్‌ని కలవండి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అది పక్షవాతం కావచ్చు, ప్రతి నిమిషం విలువైనదే. అవేమీ లేకపోతే ఈ వారం రక్త పరీక్షలు చేయించుకుని, మీ ఫ్రెండ్‌కి ఫోన్ చెయ్యండి. మూడు నెలలయ్యాక మీ నోట్‌బుక్‌లో ఏముందో నాకు రాయండి.